సంక్రాంతి దాటితే తగ్గే దగ్గు: చలికాలం గాలిపై అపోహలు, వాస్తవాలు

వానాకాలం వరి కోతలు మొదలైన కొద్ది రోజులకే మిర్యాలగూడలో మా క్లినిక్ బెంచీలు నిండిపోతాయి. ఛాతీ వైద్యుడిగా అప్పుడు నేను రోజూ వినే మాట ఒకటుంది. "మంచు పడుతున్నది గదా సారూ, సంక్రాంతి దాటితే అదే తగ్గుతది." ఈ మాట నమ్ముకుని ఏళ్లకేళ్లు ఆగి, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాక వచ్చేవాళ్లే ఎక్కువ. అందుకే ఎక్కువగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: ఇది చలి దగ్గు. చలి పోతే దగ్గూ పోతుంది.

తగ్గుతుంది, నిజమే. చిక్కంతా అక్కడే. ఫిబ్రవరికి తగ్గింది కాబట్టి కారణం చలే అనుకుని మళ్లీ నవంబరు దాకా మర్చిపోతారు. కానీ దగ్గు ఉండే ఆ చలి నెలల్లో ఊళ్లో ఏమేం జరుగుతున్నాయో చూడండి. కోత మిషన్ పోగానే కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. కొనుగోలు కేంద్రాల్లో వడ్లు తూర్పారపడతారు. మిల్లుల్లో ఉప్పుడు బియ్యం కోసం బాయిలర్లలో ఊక మండుతుంటుంది. రోడ్ల నిండా వడ్ల ట్రాక్టర్లు, లారీలు.

దీనికి చలి తోడవుతుంది. పగలు నేల వేడికి గాలి పైకి లేస్తూ పొగను కూడా తీసుకుపోతుంది. చలికాలం రాత్రుళ్లు నేల తొందరగా చల్లబడి, కింద ఉన్న గాలి పైన ఉన్న గాలికన్నా చల్లగా అవుతుంది. చల్లగాలి బరువు, పైకి లేవదు. ఊరి మీద మూత పెట్టినట్టే. సాయంత్రం పెట్టిన మంట పొగ తెల్లారేదాకా మన ముక్కుల ఎత్తులోనే తిరుగుతుంది. ఎండ బాగా వచ్చాక, దాదాపు తొమ్మిది దాటాక గానీ చెదరదు.

యాసంగి కోతలు గుర్తు చేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లోనూ కొయ్యకాళ్లు కాలుస్తారు. అప్పుడు ఊరంతా ఇట్లా ఎందుకు దగ్గదు? ఎండకు వేడెక్కిన గాలి పొగను కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ఎత్తుకు లాక్కుపోతుంది కాబట్టి. చలిగాలి కూడా శ్వాసనాళాలను బిగిస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ సంగతి తెలుసు. అయితే చలిని స్వెట్టర్ ఆపుతుంది. పొగలోని పీఎం 2.5 అనే సన్నటి ధూళిని ఆపలేదు. ఆ ధూళి మన వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు, ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతుంది. ఆస్తమాను మందులతో అదుపులో పెట్టొచ్చు. సీఓపీడీ అంటే శ్వాసనాళాలు ఇరుకై ఏళ్ల తరబడి ముదిరే జబ్బు, అందులో మాత్రం పోయిన సామర్థ్యం తిరిగి రాదు. సంక్రాంతి తర్వాత తగ్గేది దగ్గే, జబ్బు లోపల అట్లాగే ఉంటుంది.

ఒక చలికాలం ఒక పెద్దమ్మను కొడుకు తీసుకొచ్చాడు. ఆయాసంతో ఆమెకు మాట పూర్తి కావడం లేదు. ఏం జాగ్రత్తలు తీసుకున్నారని అడిగితే ఆ అబ్బాయి వరసగా చెప్పాడు. కిటికీలన్నీ మూశాడు, చెవులకు మఫ్లర్ చుట్టాడు, రాత్రంతా దోమల కాయిల్ వెలిగించాడు, మంచి గాలి తగులుతుందని తెల్లవారుజామున వాకింగ్‌కు తీసుకుపోయాడు. అన్నీ తల్లి మీద ప్రేమతో చేసినవే, అతన్ని ఏమనగలం? ఒక కాయిల్ వదిలే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్లు వదిలేదానికి సమానమని 2003లోనే ఒక పరిశోధన తేల్చింది. ఊదించి ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష రిపోర్టు చూపించి సీఓపీడీ అన్నాను. "బీడీ కూడా ముట్టనామెకు ఇదెట్లొస్తది సారూ?" అన్నాడు. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చుంటే చాలు, వస్తుంది.

కాబట్టి నవంబరు నుంచి జనవరి దాకా వాకింగ్ తొమ్మిది తర్వాత, లేదా సాయంత్రం పొద్దు గూకకముందే చేయండి. దోమలకు తెర కట్టుకోండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి అసలే వద్దు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించండి, టీబీ కావచ్చు. ఏటా ఇదే సీజన్‌లో దగ్గు వస్తుంటే స్పైరోమెట్రీ చేయించండి. ఊదడమే, నొప్పి ఉండదు.

రైతులను తిట్టడానికి ఇది రాయడం లేదు. కూలీలు దొరకరు, మిషన్ ఎత్తుగా కొయ్యలు వదిలి పోతుంది, నాట్ల అదును మీద పడుతుంది. రోటావేటర్ దొరికినవాళ్లు దమ్ములో కలిపేస్తే భూమికి బలం, మా పేషెంట్లకూ ఊపిరి.

అపోహ: కాలుష్యం పట్నం సమస్య.
2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి బాగాలేని నగరాల జాబితాలో హైదరాబాద్‌తో పాటు మన నల్లగొండ కూడా ఉంది.

అపోహ: ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) బాగుంది కాబట్టి ఫర్వాలేదు.
కొలిచే స్టేషన్ దగ్గర్లో లేని ఊళ్లకు యాప్ చూపించేది అంచనా మాత్రమే. మీ ఇంటి వెనక చేలో మంట దానికి తెలియదు.

అపోహ: బెల్లం తింటే దుమ్ము దిగిపోతుంది.
మిల్లు హమాలీలకు ఇది చెప్పీ చెప్పీ విసుగొస్తోంది. బెల్లం పోయేది పొట్టలోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తుల్లోకి. ఆ వాట్సాప్ వీడియోలు పంపడం దయచేసి మానండి.

అపోహ: దస్తీ కట్టుకుంటే చాలు.
పెద్ద దుమ్ము కొంత ఆగుతుంది, పొగ ఆగదు. ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్క్ కావాలి.

అపోహ: ఇన్‌హేలర్ అలవాటైతే వదలదు, మాత్రలే నయం.
శ్వాసనాళాలను వదులు చేసే మందు సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే 40 పఫ్‌ల మందు ఒళ్లంతా తిరుగుతుంది. గుండె దడ, చేతుల వణుకు అందుకే. రోజూ వాడమని ఇచ్చిన ఇన్‌హేలర్‌ను భయపడి ఆపేసినవాళ్లే డిసెంబరు అర్ధరాత్రి ఆక్సిజన్ మీదికి వస్తారు. మీ భయం నాకు అర్థమవుతుంది. ఆపాలనిపిస్తే ముందు వచ్చి ఒకసారి ఊదండి, డోసు తగ్గించొచ్చా లేదా అన్నది ఆ రిపోర్టు చూసి చెప్తాను.