పేగుకు విశ్రాంతి పేరుతో పస్తు

బిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకోగానే పాలూ తిండీ ఆపేయాలని చాలామందికి అనిపిస్తుంది. పెట్టింది పెట్టినట్టే బయటికి పోతుంటే ఇంకా పెట్టడమెందుకన్నది వారి సందేహం. దీన్ని ఇంటి పెద్దల నమ్మకంగా మాత్రమే చూడటం వారికి అన్యాయం చేయడమే. ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం పిల్లల వైద్యమే ఈ మాటను శాస్త్రంగా బోధించింది. అది తప్పని చూపే ఆధారాలు 1948లోనే అచ్చయ్యాయి. అయినా వైద్యం తన సలహాను మార్చుకోవడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

గత శతాబ్దం తొలి ఏళ్లలో బెర్లిన్‌కు చెందిన పిల్లల వైద్యుడు హైన్‌రిష్ ఫింకెల్‌స్టైన్ శిశువుల విరేచనాలకు ఆహారాన్నే దోషిగా నిలబెట్టారు. జబ్బుపడిన పేగు పాలలోని చక్కెరను అరిగించుకోలేదని, ఆ పాలే ఒంట్లో విషంలా పనిచేస్తాయని ఆయన వాదన. పాలు ఆపితే జ్వరమూ విరేచనాలూ తగ్గడం ఆయన కళ్లారా చూశారు. 1910లో చక్కెర తగ్గించి, మాంసకృత్తులు పెంచిన ప్రత్యేకమైన పాలు కూడా రూపొందించారు. సీసాపాలు తరచూ కలుషితమయ్యే ఆ రోజుల్లో వాటిని ఆపడం కొందరు పిల్లలకు మేలే చేసి ఉండవచ్చు.

ఈ ఆలోచన క్రమంగా ఆస్పత్రి నియమంగా స్థిరపడింది. బిడ్డకు ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పూర్తి పస్తు. తర్వాత పావు వంతు పాలకు ముప్పావు నీళ్లు, ఆపైన సగం సగం, ఇలా మెట్టుమెట్టుగా చిక్కదనం పెంచేవారు. మధ్యలో విరేచనాలు పెరిగితే మళ్లీ మొదటి మెట్టుకు దించేవారు. దీనికి పెట్టిన పేరు పేగుకు విశ్రాంతి. పేరు చల్లగానే ఉంది, పసివాడి ఒళ్లు మాత్రం రోజురోజుకూ కరిగిపోయేది.

1948లో చుంగ్ అనే పరిశోధకుడు విస్కొరోవాతో కలిసి ఈ నియమాన్ని పరీక్షకు పెట్టారు. విరేచనాలతో ఉన్న శిశువుల్లో కొందరికి మొదటి నుంచీ ఆహారం ఇచ్చారు, కొందరిని వాడుక ప్రకారం పస్తుంచారు. బయటికి పోయినదాన్నే కాక, లోపలికి వెళ్లిన దానిలో ఒంటికి పట్టింది ఎంతో కూడా లెక్కగట్టారు. తిన్న పిల్లల్లో విరేచనాల పరిమాణం పెరిగిన మాట నిజమే. దాంతోపాటు ఒంటికి పట్టిన పోషకాల మొత్తమూ పెరిగింది. జబ్బు మాత్రం ఎక్కువ రోజులు సాగలేదు.

ఈ చరిత్రకంతటికీ కీలకం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అంతకుముందు వైద్యులు విరేచనాన్ని కొలిచారు, బిడ్డను కొలవలేదు. ఏమీ పెట్టకపోతే విరేచనం తగ్గుతుంది, పెడితే కొంత పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గులనే నయం కావడానికీ విషమించడానికీ గుర్తులుగా తీసుకున్నారు. బిడ్డకు ఎంత మిగిలిందన్న ప్రశ్న ఎవరికో గాని తట్టలేదు.

చుంగ్ ఫలితాలు వైద్యుల అలవాటును కదిలించలేకపోయాయి. ఆ దశాబ్దంలో అందరి దృష్టీ రక్తనాళంలోకి ఎక్కించే ద్రవాల మీద ఉంది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గితే బిడ్డ గంటల్లో చనిపోవచ్చు కాబట్టి ఆ తొందరను తప్పుపట్టలేం. పస్తు మాత్రం అలా ఎదుటపడి చంపదు. బరువు తగ్గించి ఇంటికి పంపుతుంది. కొన్ని వారాల తర్వాత అదే బిడ్డ మరో విరేచనాలకో న్యుమోనియాకో తట్టుకోలేక చనిపోతే, ఆ మరణం ఇంకో జబ్బు ఖాతాలో పడుతుంది.

ఈ బరువు తగ్గడానికీ తర్వాతి జబ్బుకూ మధ్య లంకెను బయటపెట్టింది పోషకాహార పరిశోధకులు. నెవిన్ స్క్రిమ్‌షా, కార్ల్ టేలర్, జాన్ గోర్డన్ 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన గ్రంథంలో పోషకాహార లోపమూ అంటువ్యాధులూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయని వివరించారు. గ్వాటెమాలాలోని శాంతా మరియా కౌకే అనే గ్రామంలో లియొనార్డో మాతా బృందం పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి తూచింది. ప్రతి విరేచనాల విడత దగ్గరా బరువు గీత ఆగిపోవడమో కిందికి వంగడమో కనిపించింది. అది మళ్లీ లేచేలోపే ఇంకో విడత వచ్చేది.

ఆ తర్వాత నీటిలో గ్లూకోజు, లవణాలు కలిపి తాగించే ఓఆర్‌ఎస్ వచ్చింది. 1968లో ఢాకాలో కలరా రోగులపై దాని పనితనం రుజువైంది. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ బృందం దాన్ని నోటి ద్వారా ఇచ్చి, 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకు దించింది. ఇది లక్షల ప్రాణాలు నిలిపిన ఆవిష్కరణ, అందులో రెండో మాట లేదు. అయితే దానిలోనే ఇమిడి ఉన్న ఇంకో పాఠాన్ని లోకం ఆలస్యంగా అందుకుంది. ఓఆర్‌ఎస్ పనిచేయడానికి కారణం, విరేచనాల వేళ కూడా పేగు గోడ గ్లూకోజును, దాంతోపాటు సోడియాన్ని, వాటి వెంట నీటిని లోపలికి లాక్కోవడం. అంటే పేగు చేతులెత్తేయలేదు. గ్లూకోజును పీల్చుకోగల పేగు ఆహారం నుంచీ ఎంతో కొంత తీసుకోగలదు. పైగా పేగు గోడలోని కణాలు కొద్ది రోజులకోసారి కొత్తగా పుడుతుంటాయి, వాటికి సాయపడేది కూడా లోపలికి వచ్చే ఆహారమే.

1980లలో పరీక్షలు వరుసకట్టాయి. 1985లో బర్మాలో రెండేళ్లలోపు పిల్లలపై జరిగిన అధ్యయనంలో, ఓఆర్‌ఎస్‌తో పాటు తల్లిపాలు కొనసాగించిన పిల్లలకు, మొదటి రోజు పాలు ఆపిన పిల్లలకన్నా తక్కువ విరేచనాలయ్యాయి. 1988లో పెరూ నుంచి వెలువడిన ఫలితాల్లో మొదటి రోజు నుంచే పూర్తి ఆహారం తీసుకున్న పిల్లలు బరువులో ముందున్నారు, జబ్బు మాత్రం ఎక్కువ రోజులు సాగలేదు. సీసాపాలు పలచన చేయడం కూడా చాలామంది పిల్లలకు అనవసరమని 1994లో అనేక పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. పాలలోని లాక్టోజు అనే చక్కెర పడకపోవడమనే ఇబ్బంది కొద్దిమందిలో నిజంగానే ఉంటుంది. తీవ్రంగా నీరు కోల్పోయిన, తల్లిపాలు తాగని పిల్లలను అందుకే వైద్యులు దగ్గరగా కనిపెట్టి చూడాలి. ఆ కొద్దిమంది కోసం అందరినీ పస్తుంచడం మాత్రం సమర్థనీయం కాదు.

ఇప్పటి సలహా ఈ దారిలో తయారైంది. తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపకూడదు, ఇంకా తరచుగా ఇవ్వాలి. ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు మొదటి నాలుగు గంటల్లో ఓఆర్‌ఎస్‌తో దాన్ని సరిచేసి, వెంటనే వయసుకు తగిన మామూలు ఆహారం మొదలుపెట్టాలి. అరటిపండు, అన్నం, ఆపిల్ గుజ్జు, కాల్చిన రొట్టెకే పరిమితం చేసే పాత పథ్యంలో మాంసకృత్తులూ కొవ్వూ మరీ తక్కువ. తీపి పానీయాలు విరేచనాలను పెంచుతాయి. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి జింకును కూడా చేర్చాయి: 10 నుంచి 14 రోజుల పాటు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు పిల్లలకు 10. మలంలో రక్తం కనిపించినా, బిడ్డ తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

అయినా అభివృద్ధి చెందుతున్న దేశాల్లో విరేచనాలు పట్టుకున్న పిల్లల్లో నోటి ద్వారా ద్రవాలు, వాటితో పాటు ఆహారమూ అందుతున్నది 39 శాతానికేనని ఆ రెండు సంస్థలూ 2009లో ప్రకటించాయి. ఇందులో తల్లులను నిందించడానికేమీ లేదు. జబ్బుపడిన బిడ్డకు ఆకలి ఉండదు, పెట్టింది కక్కుతుంది, నోరు తిప్పేసుకుంటుంది. అటువంటి బిడ్డకు మూడు నాలుగు గంటలకోసారి కొద్దికొద్దిగా తినిపించడానికి ఎంతో సమయమూ ఓర్పూ కావాలి, పక్కన మరో మనిషి సాయం కావాలి. మందుచీటీ మీద మందు పేరు రాసే వైద్యుడు ఈ సంగతి చెప్పడానికి రెండు నిమిషాలు ఆగితే ఆ తల్లికి ధైర్యం వస్తుంది. విరేచనాలు ఆగాక కనీసం రెండు వారాలు రోజుకో పూట అదనంగా పెట్టాలన్న మాట కూడా అప్పుడే చెప్పాలి. జబ్బు తగ్గిన బిడ్డను తల్లి మళ్లీ ఆస్పత్రికి తీసుకురాదు, ఆ మాట చెప్పే అవకాశం ఇంకోసారి రాదు.