నీళ్లదే తప్పన్నారు, గాలిదే తప్పన్నారు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరికైనా చలిజ్వరం వస్తే పెద్దవాళ్లు ముందు అడిగే మాట ఒకటే, కొండమీద ఎక్కడైనా గెడ్డ (కొండవాగు) నీళ్లు తాగావా అని. చింతపండు బేరానికో, బడిపంతులు ఉద్యోగానికో రాయగడ, కోరాపుట్ లోపలి ఊళ్లకి వెళ్లినవాడు తిరిగొచ్చిన పది పదిహేను రోజులకి ఎన్ని దుప్పట్లు కప్పినా ఆగని వణుకుతో మంచం పట్టాడంటే ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు, "మన్యం నీళ్లు పడలేదు" అని తేల్చేసేవాళ్లు. ఇప్పటికీ అనేవాళ్లున్నారు. మూఢనమ్మకం అని కొట్టిపారేయడం తేలికే గానీ, మలేరియా గురించి ప్రపంచంలో ఎవరెవరు ఏమేం నమ్మారో చూస్తే మనవాళ్ల నీళ్ల లెక్క ఏమంత తీసిపోయింది కాదు. జ్వరం ఎక్కడ వస్తుందో, ఏ కాలంలో వస్తుందో దాదాపు అందరూ సరిగ్గానే పట్టుకున్నారు, ఎందుకొస్తుందో చెప్పాల్సి వచ్చేసరికి బోల్తా పడ్డారు.

ఆ కొండల్లో మలేరియాని ముఖ్యంగా మోసేది అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ. ఇది మన వీధి మురిక్కాలవలో గుడ్లు పెట్టే రకం కాదు. మెల్లగా పారే తేటనీటి గెడ్డలు, గట్టున గడ్డి నీళ్లలోకి వంగి ఉండే మూలలు, మెట్లు మెట్లుగా దిగే మడుల్లో ఊరే ఊటనీళ్లు, ఇవీ దానికి కావాల్సినవి. గెడ్డ అంచున తెల్ల గిన్నెతో నీళ్లు ముంచి కాసేపు కదపకుండా పట్టుకుంటే దాని పిల్లలు కనిపిస్తాయి, నీటి పైపొరకి అంటుకుని అడ్డంగా పడుకుని ఉంటాయి. అదే మురుగునీటి క్యూలెక్స్ పిల్లలైతే తలకిందులుగా వేలాడుతుంటాయి. కాబట్టి జ్వరం పుట్టేది గెడ్డలోనే అన్న మాటలో తప్పేమీ లేదు, కాకపోతే తాగడం వల్ల రాదు. చీకటి పడకముందే కొండ దిగిపొమ్మని చెప్పేవాళ్లు చూడండి, ఆ సలహా ఇంకా బాగా పనిచేసేది, ఎందుకంటే ఈ దోమ కుట్టేది ఎక్కువగా రాత్రిపూటే. గెడ్డ నీళ్లు మానేసి రాత్రి అక్కడే పడుకున్నవాడికి మాత్రం ఏ లాభమూ లేదు.

కొండమీద ఉండే సవర గిరిజనుల ఆలోచన పూర్తిగా వేరు. వాళ్ల నమ్మకంలో చనిపోయినవాళ్లు ఎక్కడికీ పోరు, ఏ బాధతో పోయారో అదే బాధని బతికున్న తమవాళ్ల మీదికి తెస్తారు. అందుకే వైద్యం అంటే పోయినవాళ్లతో మాట్లాడటమే. పూనకంలో ఉన్న మనిషి గొంతులోంచి పోయిన తాత మాట్లాడతాడు, ఇంట్లోవాళ్లు ఆయనతో వాదిస్తారు, బేరమాడతారు, ఒక్కోసారి గట్టిగా కోప్పడతారు కూడా. ఎర్రమన్ను పూసిన గోడమీద బియ్యప్పిండితో బొమ్మలు వేసి, అందులో ఆయనకో ఇల్లు చూపిస్తారు. మైదానం నుంచి వెళ్లినవాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. నాకైతే ఇందులో ఒక గమనిక కనిపిస్తుంది: ఒక జబ్బు ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరిని పట్టుకుంటోందని వాళ్లు చూశారు, చూసినదానికి తమకి తెలిసిన ప్రపంచంలోంచే కారణం వెతుక్కున్నారు.

దెయ్యమో దేవతో అని అనుకోవడానికి ఈ జ్వరంలో ఇంకో బలమైన సాక్ష్యం కూడా ఉంది, అది టైము ప్రకారం వస్తుంది. మలేరియా తెచ్చే పరాన్నజీవుల్లో వైవాక్స్ రకానివి ఎర్రరక్తకణాల్లో పెరిగి, సుమారు 48 గంటలకోసారి అన్నీ దాదాపు ఒకేసారి కణాలని పగలగొట్టుకుని బయటపడతాయి, అప్పుడే వణుకు, తర్వాత కాక, ఆ తర్వాత చెమటలు, మర్నాడు మనిషి లేచి గంజి తాగి మామూలుగా తిరుగుతాడు, ఆ పై రోజు దాదాపు అదే వేళకి మళ్లీ వణుకు. మలేరియే అనే రకానిది 72 గంటల చక్రం. చరకుడి గ్రంథంలో తృతీయక (రోజు విడిచి రోజు వచ్చే), చతుర్థక (రెండు రోజులు విడిచి వచ్చే) జ్వరాలని వేరువేరుగా చెప్పారు, గ్రీసులో హిప్పోక్రటిస్ కాలంవాళ్లూ ఇలాగే లెక్కపెట్టారు. రోములో జ్వరానికి ఫెబ్రిస్ అని ఒక దేవత, ఆమెకి గుళ్లు. ఇలాంటి జ్వరానికే సెరెనస్ సమోనికస్ అనే రోమన్ వైద్య రచయిత "అబ్రకదబ్ర" అన్న మాటని వరసకి ఒక అక్షరం తగ్గిస్తూ రాసి మెడలో కట్టుకోమన్నాడు. మన తాయెత్తే! దినం విడిచి దినం వచ్చే జ్వరానికి వణుకు రోజున తాయెత్తు కడితే మర్నాడు జ్వరం ఉండదు కదా, దాంతో తాయెత్తుకి పేరొచ్చేస్తుంది. కొన్నాళ్లకి ఒంట్లో రోగనిరోధక శక్తి కాస్త పుంజుకుని జ్వరం దానంతటదే తగ్గినా ఆ పేరు తాయెత్తుకే పోతుంది.

యూరప్‌వాళ్లు గాలి మీద పడ్డారు. చిత్తడి నేలల మీంచి లేచే చెడ్డ గాలి, అందులోనూ రాత్రి గాలి, జ్వరం తెస్తుందని వందల ఏళ్లు నమ్మారు, కిటికీలు మూసుకున్నారు, చిత్తడి నేలలు ఎండగట్టారు. కారణం తప్పు, పని మాత్రం కరెక్టు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో వర్రో అనే రోమన్ పండితుడు చిత్తడి నేలల్లో కంటికి కనపడని ప్రాణులు పుట్టి, గాల్లో తేలి ముక్కు, నోటి గుండా ఒంట్లోకి పోయి జబ్బు చేస్తాయని రాశాడు. అంత దగ్గరిదాకా వచ్చిన మాటని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

ఇక సైన్సు సంగతి. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. దోమకి సంబంధం ఉందని లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఊహించాడు, కానీ ఆయన ఊహ ఎలా ఉందంటే, రక్తం తాగిన దోమ నీళ్లలో పడి చస్తుంది, ఆ నీళ్లు మనిషి తాగితే మలేరియా వస్తుంది! అంటే లండన్ డాక్టరుగారు కూడా మన గుణుపురం మామ్మగారి దగ్గరికే వచ్చారు. ఆయన మాట మీద రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమలు చచ్చిన నీళ్లు కొందరికి తాగించి మరీ చూశాడు, లెక్క కుదరలేదు. అప్పుడు కుట్టడం వైపు తిరిగాడు. హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకాటుకి ఒక అణా చొప్పున ఇచ్చి కుట్టించి, ఆ దోమల్ని కోసి చూసుకుంటూ పోతే 1897 ఆగస్టు 20న ఒక అనాఫిలిస్ పొట్ట గోడలో పరాన్నజీవి దొరికింది. మాన్సన్ నమ్మకానికీ మామ్మగారి నమ్మకానికీ తేడా ఏదైనా ఉందంటే ఇక్కడే ఉంది, ఆయనది ఒకడు తాగించి చూశాడు, తప్పని తేలాక వదిలేశాడు.

మందు మాత్రం అంతకుముందే ఉంది, దక్షిణ అమెరికా సింకోనా బెరడు నుంచి 1820లో క్వినైన్ తీశారు. దాని కథలో మన పర్లాకిమిడికీ ఒక పేజీ ఉంది. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడే పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగారు, జ్వరం తగిలింది, క్వినైన్ వాడారు, చెవులు పోయాయి. క్వినైన్ మోతాదు ఎక్కువైతే లోపలి చెవిని దెబ్బతీస్తుంది, ముందు చెవుల్లో హోరు మొదలవుతుంది. వినికిడి మీద ఆధారపడే పనిలో ఉన్న మనిషికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది, అయినా ఆయన సవర నిఘంటువు తయారుచేశారు.

కొండవాళ్లకి జ్వరం రాదు అనే నమ్మకం ఒకటి మైదానంవాళ్లలో బాగా ఉండేది. ఇదీ సగమే నిజం. చిన్నప్పటినుంచి పదేపదే మలేరియా వచ్చి బతికి బయటపడ్డ పెద్దవాళ్లకి కొంత తట్టుకునే శక్తి వస్తుంది, ఆ శక్తి రాకముందే పోయిన పసిపిల్లలు బేరానికి వెళ్లినవాడి కంటికి కనపడరు. జన్యువుల పాత్ర కూడా ఉంది. మలేరియా ఉన్నచోట కొన్ని రక్తలోపాలు మనిషిని కాపాడతాయని, అందుకే అవి అక్కడ నిలిచిపోయాయని 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త అన్నాడు, సికిల్ సెల్ అనే రక్తలోపం విషయంలో అది తర్వాత రుజువైంది. ఆ సికిల్ సెల్ ఇవాళ కోరాపుట్‌లోనూ ఉంది, అటు మహారాష్ట్ర గడ్చిరోలీలోనూ ఉంది. అన్నట్టు హాల్డేన్ చివరికి 1964లో భువనేశ్వర్‌లోనే పోయాడు, ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు.

ఒంట్లో పరాన్నజీవి ఉన్నా జ్వరం లేకుండా తిరిగే ఈ కొండ ఊళ్ల పెద్దవాళ్లే ఒడిశాకి పెద్ద చిక్కు. 2017లో దమన్ పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమంలో మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ వేలు గుచ్చి, చుక్క రక్తం కిట్‌లో వేసి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి గీతలు చూసి, ఉన్నవాళ్లకి మందులిచ్చారు, దోమతెరలు పంచారు. రాష్ట్రంలో 2017లో దాదాపు 3.5 లక్షలున్న కేసులు 2018కి 70 వేల లోపుకి వచ్చాయి, తర్వాత మళ్లీ కొంత పెరగడాలూ తగ్గడాలూ ఉన్నాయనుకోండి. జ్వరమే లేనివాడికి మందెందుకు అని అడిగేవాళ్లకి సర్దిచెప్పడం ఇందులో కష్టమైన పని.

చదువుకున్నవాళ్లలో ఇప్పుడు నడుస్తున్న నమ్మకం ఇంకోటుంది, జ్వరం తగ్గితే మలేరియా పోయినట్టేనని. ఫాల్సిపారం రకానికి ఇచ్చే కాంబినేషన్ మందులో ఉండే ఆర్టిమిసినిన్ జాతి మందు, నాలుగో శతాబ్దపు చైనా వైద్యుడు గె హాంగ్ రాసిపెట్టిన చిట్కా పట్టుకుని చైనా శాస్త్రవేత్త టు యూయూ బృందం 1970ల్లో ఒక మొక్క నుంచి తీసిందే, అది మూడు రోజుల కోర్సు. వైవాక్స్ అలా కాదు, కాలేయంలో దాక్కుని వారాల తర్వాతో నెలల తర్వాతో మళ్లీ రక్తంలోకి దిగుతుంది, రక్తంలో ఉన్నవాటిని చంపే క్లోరోక్విన్ మందు దాన్ని అక్కడ తాకలేదు. అందుకే దానికి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు, జ్వరం మూడో రోజుకే పోయినా సరే పద్నాలుగూ మింగాలి, గర్భిణులు మాత్రం దాన్ని వాడకూడదు, జి6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు.