పెర్సీ జాక్సన్ చదువుతున్న మా పిల్లలకు

పిల్లలూ,

ముగ్గురూ పెర్సీ జాక్సన్ పుస్తకాల మీద పడ్డారటగా! మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే కంప్లైంట్, "మన పురాణాలు చదవమంటే బద్ధకం, ఆ గ్రీకు దేవుళ్ల గోల మాత్రం అన్నం మానేసి మరీ చదువుతున్నారక్కా" అని. చదవనీవే, వాటి వల్ల చెడిపోయేదేం లేదు అన్నాను. ఆ ఐదు పుస్తకాలూ నేనూ చదివాను కాబట్టి చెబుతున్నా.

ముందు చిన్న చిన్న సంగతులు. గ్రీకు దేవుడికీ మనిషికీ పుట్టిన పెర్సీ అనే కుర్రాడి కథ ఇది. 2005లో వచ్చిన 'ది లైట్నింగ్ థీఫ్'తో మొదలై 2009లో 'ది లాస్ట్ ఒలింపియన్'తో ఈ కథ పూర్తవుతుంది. లైబ్రరీలో మూడోది దొరికింది కదా అని దాంతో మొదలుపెట్టకండి, వరసలోనే చదవాలి. 2010లో వచ్చిన సినిమా చూడకపోయినా నష్టం లేదు, పన్నెండేళ్ల పిల్లాణ్ణి పెద్ద కుర్రాణ్ణి చేసి పడేశారు. 2023లో మొదలైన సీరియల్ దానికంటే చాలా నయం.

రచయిత రిక్ రయర్డన్ టెక్సాస్‌లో స్కూల్ టీచరుగా పనిచేసినవాడు. వాళ్లబ్బాయికి డిస్లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవకపోవడం) ఉన్నాయి. చదువంటే పారిపోయే ఆ పిల్లాడికి గ్రీకు కథలంటే మాత్రం ఇష్టం, అందుకని రాత్రిపూట పడుకునే ముందు అవే చెప్పేవాడట. తెలిసిన కథలన్నీ అయిపోయాక కొత్తది చెప్పమని వాడు పట్టుబడితే పెర్సీ పుట్టాడు. అందుకే పెర్సీకి పుస్తకంలో అక్షరాలు అటూ ఇటూ ఈదుతుంటాయి, ఒకచోట కుదురుగా కూర్చోలేడు, ఏ స్కూల్లోనూ ఏడాదికి మించి ఉంచుకోరు. తీరా చూస్తే వాడి బుర్ర ప్రాచీన గ్రీకు చదవడానికి తయారైనదనీ, ఆ కుదురులేనితనమే యుద్ధంలో ప్రాణం కాపాడే చురుకుదనమనీ తెలుస్తుంది. (నిజంగా ఆ ఇబ్బంది ఉన్న మీ క్లాస్‌మేట్‌కి ఈ కథ చెబితే చాలదు, పక్కన కూర్చుని చదివి వినిపించండి.)

ఇప్పుడు అసలు విషయం. మొదటి పుస్తకంలో మెడూసా అధ్యాయం, అదే, ముఖం చూసినవాళ్లని రాయిగా మార్చేసే రాక్షసి కథ, అయిపోయిందా? అయితే మళ్లీ ఒకసారి తీయండి. పెర్సీ, అతని స్నేహితులు అనబెత్, గ్రోవర్ బస్సు ప్రమాదం నుంచి బయటపడి, ఆకలితో నకనకలాడుతూ న్యూజెర్సీ అడవిలో నడుస్తున్నారు. బర్గర్ల వాసన వస్తుంది. రోడ్డు పక్కన ఓ దుకాణం, దాని బోర్డు పెర్సీకీ అనబెత్‌కీ చదవడం రాదు, గ్రోవరే చదివి చెప్పాలి. తోట నిండా రాతిబొమ్మలు. ముసుగు వేసుకున్న యజమానురాలు ఎంతో ప్రేమగా పిలిచి, డబ్బు కూడా అడక్కుండా తిండి పెడుతుంది. ఆ బొమ్మల ముఖాల్లో అంత భయం ఎందుకుందో ముందు తోచేది గ్రోవర్‌కి, ఎందుకంటే వాటిలో ఒకటి అచ్చం వాడి బాబాయిలా ఉంటుంది.

పాత గ్రీకు కథలో మెడూసాని చంపినవాడు పెర్సియస్. అతని దగ్గర కాళ్లకు రెక్కల చెప్పులు, తలకు మాయం చేసే టోపీ, చేతిలో అద్దంలా మెరిసే డాలు ఉన్నాయి. అన్నీ దేవతల చలవే, పక్కన జ్ఞాన దేవత అథీనా అండ కూడా ఉంది. రయర్డన్ ఏం చేశాడో చూడండి. రెక్కల బూట్లు గ్రోవర్‌కి ఇచ్చాడు. మాయమయ్యే టోపీ అనబెత్‌కి ఇచ్చాడు, అదీ బేస్‌బాల్ టోపీ! పెర్సీకి మిగిలింది అదే దుకాణంలో అమ్మకానికి పెట్టిన ఓ గాజు గోళం. దాన్ని వెతికి చేతికిచ్చింది ఎవరు? అథీనా కూతురు అనబెత్. పాత కథలో ఒక్క వీరుడికి దక్కిన సరంజామా మొత్తాన్ని ముగ్గురు స్నేహితులకు పంచిపెట్టాడన్నమాట. ఇది పట్టుకున్నాక ఆ అధ్యాయం నాకు రెండింతలు నచ్చింది. లాస్ వేగాస్ హోటల్ ఘట్టం కూడా అంతే, లోపల కాసేపు ఆడుకుని బయటికొస్తే ఐదు రోజులు గడిచిపోయి ఉంటాయి. దాని మూలం పాత గ్రీకు కావ్యం ఒడిస్సీలో 'లోటస్' అనే మొక్క పండు తిని ఇల్లు మర్చిపోయిన మనుషుల దగ్గర ఉంది, వెతకండి.

పెర్సియస్ కథలో ఇంకొంచెం ఉంది. అతన్నీ, తల్లి డానేనీ ఒక పెట్టెలో పెట్టి సముద్రంలో వదిలేస్తారు. కొట్టుకుపోయి ఓ ద్వీపం చేరతారు. అక్కడి రాజు తల్లిని బలవంతంగా పెళ్లాడాలని చూస్తాడు, కొడుకు అడ్డు తొలగించుకోవడానికే మెడూసా తల తెమ్మని పంపుతాడు. తెచ్చిన తలని పెర్సియస్ ఆ రాజుకే చూపిస్తాడు. పెర్సీ ఆ తలని పార్శిల్ కట్టి "శుభాకాంక్షలతో" అని రాసి దేవతలుండే ఒలింపస్‌కి పంపుతాడు కదా, ఆ పార్శిల్ చివరికి ఎక్కడికి చేరిందో చదివినప్పుడు ఈ రాజుని గుర్తు తెచ్చుకోండి. ఇంతకంటే చెప్పను.

పెట్టె అనగానే మీకు కర్ణుడు గుర్తొచ్చే ఉంటాడు. నాకైతే దేవుళ్ల పిల్లలుండే క్యాంపులో ఆ పదకొండో క్యాబిన్ చదువుతున్నంతసేపూ కర్ణుడే. దేవుడి బిడ్డే, కానీ ఏ దేవుడో తెలియదు, వీడు నావాడని ఎవరూ ఒప్పుకోరు. అలాంటి పిల్లలందరినీ హెర్మీస్ క్యాబిన్‌లో కుక్కుతారు, ఆయన బాటసారుల దేవుడు కాబట్టి ఎవరినీ కాదనడు. మంచాలు చాలక నేల మీద పడుకుంటారు. అదే క్యాంపులో దేవతల రాజు జ్యూస్ క్యాబిన్ మాత్రం తళతళలాడుతూ ఖాళీగా ఉంటుంది. రాక్షసులతో పోరాటాలు బాగానే ఉంటాయి కానీ, ఐదు పుస్తకాలనీ నడిపించేది ఈ పిల్లల ఉక్రోషమే అని నా అభిప్రాయం. మన కుంతి సభలో నోరు విప్పి ఉంటే భారతం ఎలా నడిచేదో మీరే ఆలోచించండి.

అమ్మ కోసం ఒక ముక్క. రయర్డన్ ఊరుకోకుండా వేరే దేశాల పురాణాలతో రాసేవాళ్లనీ తన పేరు మీద ముందుకు తెచ్చాడు. అందులో మొదటిది 2018లో రోషనీ చోక్షి రాసిన 'ఆరు షా'. అందులో పాండవులు ఆడపిల్లలై పుడతారు. మీ ఐదు పుస్తకాలూ అయ్యాక అది కొరియర్ చేస్తాను, అమ్మ చేత కూడా చదివించండి.

ఈలోగా హెర్మీస్ కొడుకు లూక్ మీద ఒక కన్నేసి ఉంచండి. ఐదోది పూర్తయ్యాక వాడి మీద కోపం వచ్చిందో, జాలేసిందో, ఎందుకో ముగ్గురూ విడివిడిగా రాసి పంపాలి. వాట్సాప్‌లో ఎమోజీ పెట్టి ఊరుకుంటే ఒప్పుకోను.

మీ పెద్దమ్మ