ఫ్రెండ్ నడిపే చిన్న విమానం ఎక్కుతున్నారా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో మనవాళ్లు కొందరు ఐటీ ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకుంటున్నారు. లైసెన్స్ చేతికి రాగానే ఫ్రెండ్స్‌నీ, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్నీ నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172లో తిప్పాలని ఉబలాటపడతారు. టెక్సస్‌లో ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా పైలట్‌కి చెప్పాల్సినవన్నీ నేను చెబుతాను. పక్కన కూర్చునేవాళ్లకు మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. ఇది వాళ్ల కోసం.

అపోహ: ఇంజిన్ ఆగిందంటే రాయిలా పడిపోవడమే.

2004 ఏప్రిల్‌లో బెంగళూరు జక్కూరు నుంచి బయల్దేరిన సెస్నా కూలి సౌందర్య గారు చనిపోయారు. మనవాళ్ల మనసులో ఆ భయం ఇంకా ఉంది. కానీ ఇంజిన్ ఆగినా రెక్కలు పనిచేస్తూనే ఉంటాయి. గాలి ఎదురు లేకపోతే 172 ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు (దాదాపు 2.8 కిలోమీటర్లు) గ్లైడ్ అవుతుంది, అంటే ఇంజిన్ లేకుండానే తేలుతూ ముందుకెళ్తుంది. 5,000 అడుగుల్లో ఉంటే దాదాపు 14 కిలోమీటర్లు. ఆ లోపు దిగడానికి అనువైన చోటు వెతకడం పైలట్‌కి నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి. టేకాఫ్ అయిన వెంటనే ఆగితే మాత్రం ఎత్తూ ఉండదు, టైమూ ఉండదు. అందుకే ఆ కొద్ది నిమిషాలు, మళ్లీ ల్యాండింగ్‌ముందు, పైలట్‌ని పలకరించకండి. ఇంకో విమానం దగ్గరగా కనిపిస్తే మాత్రం వెంటనే చెప్పండి.

బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఎలా తీయాలో చెప్పడం పైలట్‌కి చట్టప్రకారం తప్పనిసరి. చెప్పకపోతే అడగండి. తలుపు గడి కూడా నేల మీద ఉండగానే మీ చేత్తో ఒకసారి తీసి చూడండి.

అపోహ: నాలుగు సీట్లున్నాయి కాబట్టి నలుగురం ఎక్కొచ్చు.

172ఎస్ మోడల్ టేకాఫ్ బరువు 2,550 పౌండ్లు దాటకూడదు. ట్యాంకులు నిండితే ఫ్యూయలే 318 పౌండ్లు. ఖాళీ విమానం బరువు కూడా తీసేస్తే నలుగురు పెద్దవాళ్లకు సాధారణంగా చాలదు. పైలట్ మీ బరువు అడిగితే మొహమాటపడి తగ్గించి చెప్పకండి. 2001లో బహామాస్‌లో గాయని ఆలియా సహా మొత్తం 9 మందిని బలిగొన్న సెస్నా 402 పరిమితికి మించిన బరువుతో లేచింది.

అపోహ: ఇంజిన్ ఆఫ్‌లో ఉంది కదా, ప్రొపెల్లర్ మీద చెయ్యేసి ఫొటో దిగొచ్చు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది ఇదే. ఈ ఇంజిన్లలో నిప్పురవ్వ పుట్టించేది మాగ్నెటో. దానికి బ్యాటరీతో పనిలేదు. తాళం ఆఫ్ చేస్తే ఒక వైరు దాన్ని పనిచేయకుండా ఆపుతుంది. ఆ వైరు తెగిందంటే తాళం జేబులో ఉన్నా సరే, ప్రొపెల్లర్‌ని కాస్త తిప్పితే ఇంజిన్ అందుకునే ప్రమాదం ఉంది. ఇక ఇంజిన్ నడుస్తుంటే ప్రొపెల్లర్ రెక్కలు కంటికి ఆనవు, ముందు ఖాళీ జాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 172లో తలుపు తీసి దిగితే ప్రొపెల్లర్ కొన్ని అడుగుల దూరంలోనే ఉంటుంది. దిగినవాళ్లు పైలట్‌కి చెయ్యి ఊపుదామని ముందుకే నడుస్తారు. అలా నడవకండి, ఎప్పుడూ తోక వైపే వెళ్లండి. పిల్లల చెయ్యి వదలకండి. ఇంజిన్ ఆపకుండా ఎక్కమన్నా, దిగమన్నా "ఆపాకే" అనండి.

అపోహ: ముందు సీట్లో ఊరికే కూర్చోవడమేగా!

సెస్నా సీటు పట్టాల మీద జరుగుతుంది. గడి సరిగ్గా పడకపోతే టేకాఫ్‌లో వెనక్కి జారుతుంది. జారే మనిషి చేతికి అందింది పట్టుకుంటాడు, అక్కడ అందేది యోక్, అంటే విమానం స్టీరింగ్. కూర్చోగానే సీటుని ముందుకీ వెనక్కీ గట్టిగా ఊపి చూడండి. కాళ్లు పెడల్స్ మీద పెట్టకండి. చున్నీ, కెమెరా పట్టీ యోక్‌కి చుట్టుకోకుండా చూసుకోండి.

అపోహ: తలనొప్పి ఎత్తు వల్లే, తగ్గిపోతుంది.

చలికాలంలో క్యాబిన్ హీటర్‌కి వేడి సైలెన్సర్ చుట్టూ ఉన్న గాలి నుంచే వస్తుంది. సైలెన్సర్‌కి పగులొస్తే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, మగత అనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పండి. హీటర్ ఆపి, బయటి గాలి తెరిచి, దగ్గర్లో దిగాలి.

అపోహ: వాతావరణం చూసుకోవడం పైలట్ పని, మనకేంటి?

నిర్ణయం పైలట్‌దే, నిజమే. కానీ "రేపు ఆఫీసుంది", "ముహూర్తానికి అందుకోవాలి" అన్న మాటలు ఆ నిర్ణయాన్ని వంచుతాయి. 1999 జులైలో అమెరికా మాజీ అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు జాన్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ తాను నడిపే విమానంలో భార్యనీ, ఆమె అక్కనీ ఎక్కించుకుని చుట్టాల పెళ్లికి బయల్దేరాడు. రాత్రి, కింద సముద్రం, మసక గాలి. పైకీ కిందకీ తేడా తెలియని స్థితిలో విమానం అదుపు తప్పింది. మీ ఫ్రెండ్‌కి బయల్దేరే ముందే చెప్పండి: "వాతావరణం బాగోకపోతే కారేసుకుని వెళ్దాం, లేదా హోటల్లో ఉందాం." నా స్టూడెంట్లకు ఈ ఒక్క మాట చాలా టెన్షన్ తగ్గిస్తుంది.

అపోహ: ఖర్చంతా మేమే పెట్టుకుంటే మర్యాద.

ప్రైవేట్ పైలట్ ఫ్యూయల్, ఆయిల్, ఎయిర్‌పోర్ట్ ఖర్చులు, విమానం అద్దెలో తన వాటా తానే పెట్టుకోవాలి. నలుగురు వెళ్తే కనీసం పావు వంతు అతని జేబులోంచే రావాలి. అంతా మీరే ఇస్తే అది చట్టం దృష్టిలో కిరాయి ప్రయాణమవుతుంది, పోయేది అతని లైసెన్స్.