కణాలను కంగారు పెడితేనే మందు

అమెరికా వాయవ్య తీరపు అడవుల్లో, పెద్ద చెట్ల నీడన నింపాదిగా పెరిగే చెట్టు పసిఫిక్ యూ. 1962లో దాని బెరడును సేకరించి పరీక్షలకు పంపారు. రసాయన శాస్త్రవేత్తలు మన్రో వాల్, మహారాష్ట్రలో పుట్టిన మన్‌సుఖ్ వాణీ అందులోంచి టాక్సాల్ అనే పదార్థాన్ని వేరుచేసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. 1992 చివర్లో అండాశయ క్యాన్సర్‌కు మందుగా అనుమతి వచ్చింది. చిక్కంతా సరుకు దగ్గరే. నూరేళ్ల చెట్టుకు ఉన్న బెరడంతా ఒలిస్తే సుమారు 3 కిలోలు, అందులో మందు 300 మిల్లీగ్రాములు. ఇంచుమించు ఒక డోసు. బెరడు ఒలిచాక చెట్టు బతకదు.

చెట్టును వదిలేసి దాని కణాలనే పెంచితే? మొక్కలోంచి కోసిన చిన్న ముక్కను చక్కెర, లవణాలు, హార్మోన్లు కలిపిన జెల్లీ మీద పెడితే, కొన్ని వారాల్లో ఆకూ కాని, వేరూ కాని మెత్తటి ముద్ద ఒకటి పుట్టుకొస్తుంది. దాన్నే కాలస్ అంటారు. దాన్ని ద్రవంలో వేసి షేకర్ మీద ఊపుతుంటే చిన్న చిన్న గుంపులుగా విడిపోయి పెరుగుతుంది. అడగకుండానే చక్కెర, చీడపీడల బెంగ లేదు: అత్తారింట్లో కొత్త అల్లుడి వైభోగం. అలాంటి కణాలు బాగానే బలుస్తాయి గానీ మందు మాత్రం పెద్దగా చెయ్యవు. చెయ్యవు మరి! చాలా మొక్కల మందులు బూజులు, పురుగుల మీద వాడుకోవడానికి మొక్క చేసుకున్న విషాలే. ఫ్లాస్కులో శత్రువే లేడాయె.

అందుకని శత్రువు వచ్చాడని నమ్మించాలి. ఇలా నమ్మించే పదార్థాలే ఎలిసిటర్లు. ఈస్ట్ సారం, చంపిన బూజుల కణగోడల ముక్కలు, రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్ ఇందుకు పనికొస్తాయి. బూజుల కణగోడల్లోనూ ఇలాంటి పదార్థమే ఉంటుంది కాబట్టి కణం రొయ్య పెంకును చూసి బూజు అనుకుంటుంది.

వీటన్నిటికన్నా పేరుమోసింది మిథైల్ జాస్మొనేట్. మల్లెజాతి పూల పరిమళంలో ఉండే పదార్థమే ఇది. 1990లో ఫార్మర్, రయాన్ అనే శాస్త్రవేత్తలు మన మాచిపత్రికి దాయాది అయిన సేజ్‌బ్రష్ కొమ్మలను, టమాటా మొక్కలను ఒకే మూసిన గదిలో ఉంచారు. టమాటా ఆకులను పురుగేదీ కొరకలేదు. అయినా కొమ్మల నుంచి గాలిలో వచ్చిన ఈ వాసనకే ఆ ఆకులు పురుగుల అరుగుదలను చెడగొట్టే ప్రోటీన్లు చేసేశాయి. మామూలుగా కణంలో రక్షణ జన్యువులను కొన్ని ప్రోటీన్లు అణచిపెట్టి ఉంచుతాయి. జాస్మొనేట్ సంకేతం అందగానే కణం ఆ ప్రోటీన్లను ముక్కలు చేసేస్తుంది.

1996లో జపాన్ పరిశోధకులు మిథైల్ జాస్మొనేట్‌ను యూ కణాల మీద ప్రయోగిస్తే, రెండు వారాల్లో లీటరుకు 110 మిల్లీగ్రాముల దాకా టాక్సాల్ వచ్చింది. అయితే కంగారుపడ్డ కణం పెరగడం మానేస్తుంది, మోతాదు మించితే చస్తుంది. అందుకే ముందు మేపి, తర్వాతే భయపెడతారు. ఇందులో అసలు పనితనం ఆ వేళ కనిపెట్టడమేనని నాకనిపిస్తుంది. జర్మనీలో 75,000 లీటర్ల ట్యాంకుల్లో యూ కణాలు పెంచుతున్నారంటే ఆ కిటుకు పట్టుబడినట్టే.

మన పెరళ్లలోని బిళ్ళగన్నేరు మాత్రం ఈ బెదిరింపులకు లొంగలేదు. దాని క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ తయారవ్వాలంటే ఆకులోని రకరకాల కణాలు తలా ఒక మెట్టు పని చెయ్యాలి. విడివిడి కణాల్లో ఆ ఏర్పాటే ఉండదు. లేని పనివాళ్లను బెదిరించి లాభమేముంది? 2022లో ఈస్ట్‌లోకి జన్యువులు చొప్పించి దాని ముడిపదార్థాలు రెండింటినీ తయారుచేయగలిగారు. ఆకుల నుంచే తీయాలంటే మాత్రం ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు 500 కిలోల పైచిలుకు ఎండుటాకులు కావాలి.