చెక్క ఫ్రేము ఇంట్లో షాపు: మనవాళ్ళకి ఉండే అపోహలు, అసలు సంగతులు

ఇంగ్లండ్ చూడ్డానికొచ్చిన మనవాళ్ళు యార్క్‌లో షాంబుల్స్ వీధికి వెళ్ళి ఫొటో దిగకుండా పోరు. ఇరుకు సందు, రెండు పక్కల నుంచీ వీధి మీదకి తోసుకొచ్చిన మేడలు, కింద అన్నీ షాపులే. నా పని ఇలాంటి పాత ఇళ్ళ రిపేర్లే కాబట్టి ఆ ఫొటోలు పట్టుకుని నన్ను అడిగే ప్రశ్నలు ఎప్పుడూ దాదాపు అవే ఉంటాయి, ఇక్కడ షాపు లీజుకి తీసుకుందామనుకునే మనవాళ్ళు కూడా అవే నమ్ముతున్నారు, అందుకే ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: ఇవన్నీ ఒకప్పుడు ఇళ్ళు, తర్వాతెప్పుడో షాపులుగా మార్చారు.

సగమే నిజం. షాంబుల్స్ మాంసం కొట్ల వీధి, కింద కొట్టు పైన కాపురం అన్నట్టే నడిచింది. కొన్ని షాపుల ముందు మాంసం పెట్టుకునే వెడల్పు బల్లలు, వేలాడదీసే కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి చూడండి. అదే ఊళ్ళో గుడ్‌రమ్‌గేట్ అనే వీధిలో లేడీ రో అని 1316లో కట్టిన వరస ఇళ్ళున్నాయి, అద్దెకివ్వడానికే చర్చి స్థలంలో కట్టినవి, ఇప్పుడు వాటి కిందా షాపులే. అసలు పెద్ద మార్పు తర్వాత వచ్చింది, పెద్ద పెద్ద గాజు అద్దాలు పెట్టే ఫ్యాషన్ వచ్చాక ముందువైపు కింద ఉన్న స్తంభాలు కోసేసి అద్దాలు పెట్టుకున్నారు. నేను చూసే సమస్యల్లో చాలావాటికి మూలం అక్కడే.

అపోహ: బరువంతా గోడలు మోస్తాయి, ఆ చెక్కలు అందానికి.

ఇది పూర్తిగా తిరగేసిన మాట. గోడ అంటే ఇక్కడ స్తంభాల మధ్య ఖాళీలో తడిక అల్లి దాని మీద మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తి పైన సున్నం పూసింది, మన పల్లెల్లో తడిక గోడలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ గోడ మొత్తం తీసేసినా ఇల్లు నిలబడుతుంది, మోసేది ఓక్ అనే గట్టి చెట్టు చెక్కల చట్రం. చట్రంలో మేకులు ఉండవు, ఒక దూలం చివర నాలుకలా చెక్కి ఇంకోదాంట్లో తొలిచిన బెజ్జంలోకి దూర్చి అడ్డంగా చెక్క చీల కొడతారు, రెండు చెక్కల్లో చీల రంధ్రాలు కావాలనే కాస్త ఎడంగా వేస్తారు, చీల దిగేకొద్దీ అతుకు బిగుసుకుంటుంది. మొత్తం వడ్రంగి దొడ్లో ముందే అమర్చి చూసి, ఏది దేనికో తెలియడానికి అతుకుల దగ్గర నిలువు గీతలు, ఇంటూ గుర్తులు గీసి, విప్పి తెచ్చి సైట్‌లో నిలబెట్టేవాళ్ళు. టార్చి అడ్డంగా పట్టి చూస్తే ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఒక చెప్పుల షాపులో ర్యాకులు వెనక్కి జరిపించి చూస్తే, స్తంభానికీ దూలానికీ మధ్య ఏటవాలుగా ఉండాల్సిన కోణపు చెక్క లేదు, దాని బెజ్జం మాత్రం నోరు తెరుచుకుని ఉంది, చీల సగం విరిగి అందులోనే ఉండిపోయింది. ఎవరో ర్యాకు పట్టడం లేదని కోసేశారు. ఇల్లు పక్కకి ఒరగకుండా ఆపేది ఆ చిన్న చెక్కే! పై అంతస్తులో తలుపు ఎందుకు పడటం లేదో అప్పుడు అర్థమైంది.

అపోహ: అవి పాత ఓడల చెక్కలు.

ప్రతి ఊళ్ళో ఈ కథ చెప్తారు. ఖాళీ బెజ్జాలు చూసి ఓడ నుంచి ఊడదీసిందే అనుకుంటారు గానీ, చాలావరకు అవి తీసేసిన గోడవో, ఇంకో ఇంటి నుంచి తెచ్చి వాడిన దూలానివో. తమాషా ఏంటంటే ఓడ చెక్కలతో నిజంగా కట్టిన షాపు లండన్లో ఉంది, లిబర్టీ, కానీ అది పాత ఇల్లు కాదు, ఇంప్రెగ్నబుల్, హిందుస్తాన్ అనే రెండు యుద్ధనౌకల చెక్కతో పాతకాలం స్టైల్లో కట్టి 1924లో తెరిచింది.

నల్ల చెక్క తెల్ల గోడ కూడా అంతే, చాలాచోట్ల అది విక్టోరియా రాణి కాలం వాళ్ళ ముచ్చట. చెస్టర్ అనే ఊళ్ళో ఫొటోలు దిగే నలుపు తెలుపు మేడల్లో చాలావి 19వ శతాబ్దంలో మళ్ళీ కట్టినవే. అంతకుముందు ఓక్‌ని అలాగే వదిలేసేవాళ్ళు, ఎండకి వానకి బూడిద రంగుకొస్తుంది, లేకపోతే గోడతో కలిపి సున్నం కొట్టేసేవాళ్ళు. ఇప్పుడు ఆ నలుపు తీసేద్దామని ఇసుక బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి గీకడం) మాత్రం చేయించకండి దయచేసి, పై పొరతోపాటు వడ్రంగి గీతలూ పోతాయి.

అపోహ: వంగింది, పగిలింది, కాబట్టి కూలిపోతుంది.

ఓక్‌ని పచ్చిగా ఉన్నప్పుడే కోసి అమర్చేవాళ్ళు ఎందుకంటే ఎండాక ఉలి దిగదు. ఇల్లు కట్టాక అది ఆరుతూ మెలితిరిగి నిలువునా పగులుతుంది, ఆ వంకర చాలావరకు మొదటి కొన్నేళ్ళలోనే వచ్చేసి ఉంటుంది. నేను భయపడేది కొత్త కదలికకి, కొత్త పగులు లోపల చెక్క రంగు లేతగా శుభ్రంగా ఉంటుంది. జాకీ పెట్టి ఫ్లోరు లెవెల్ చేద్దాం అనే కాంట్రాక్టర్ వస్తే టీ ఇచ్చి పంపించేయండి, ఫ్లోరు లెవెల్ అవుతుందేమో గానీ వంకరకి అలవాటుపడ్డ అతుకులు విరుగుతాయి.

అపోహ: చెక్క ఇల్లు, నిప్పంటుకుంటే నిమిషాల్లో బూడిద.

లావు ఓక్ దూలం పైన బొగ్గు కడుతుంది, ఇంజనీర్లు లెక్కకి నిమిషానికి సుమారు అర మిల్లీమీటరు తీసుకుంటారు, అంటే అరగంటకి ఒక్కో వైపు 15 మిల్లీమీటర్లే. భయం దూలం గురించి కాదు, పక్కింటికీ మనకీ మధ్య అటక ఖాళీల్లోంచి మంట పాకడం గురించీ, పాత వైరింగ్ గురించీ.

అపోహ: సిమెంట్ పూస్తే గట్టిగా ఉంటుంది, చెద పట్టదు.

ఇంగ్లండ్‌లో మన చెదల బెడద లేదు. ఇక్కడ ఓక్‌ని తినేది వేరే చెక్క పురుగు, అదీ ఎక్కువగా తడిసి కుళ్ళు మొదలైన చెక్కనే పడుతుంది. ఆ తడి ఎక్కడిది అంటే సిమెంట్ వెనక ఇరుక్కున్న వాన నీరు! సున్నం అయితే తడిని పీల్చి మళ్ళీ వదిలేస్తుంది, సిమెంట్ చెక్క పక్కన పగిలి, ఆ పగుల్లోంచి నీళ్ళు తాగి, బయటికి పోనివ్వదు. ఇప్పుడు చూడ్డానికి గోడ నున్నగా ఉంటుంది, కింది అడ్డ దూలం మాత్రం స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగుతుంది. పురుగు మందు కొట్టించే ముందు, కారుతున్న గట్టర్ (చూరు అంచున వాన నీళ్ళు పట్టే తొట్టి) బాగుచేయించండి.

ఇంకోటి, దీన్ని ఎవరూ అపోహ అనుకోరు కూడా: పైన గది ఖాళీగా ఉంది, స్టాక్ అక్కడ పెడదాం. ఇప్పుడు డిజైన్ లెక్కల్లో ఇంటి ఫ్లోరుకి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు, షాపు ఫ్లోరుకి 400 కిలోలు తీసుకుంటారు. పడకగదికని వేసిన దూలాల మీద పుస్తకాల అట్టపెట్టెలు నడుము ఎత్తున పేరిస్తే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. స్టాక్ కిందే పెట్టండి, పైన ఆఫీసు పెట్టుకోండి.

లీజు మీద సంతకం పెట్టేముందు ఒక పని. ఇలాంటివి దాదాపు అన్నీ లిస్టెడ్ భవనాలే, అంటే చట్టం కాపాడే పాత కట్టడాల జాబితాలో ఉన్నవి, బయటే కాదు లోపలి మెట్లు, గోడలు, దూలాలు కూడా దాని కిందకే వస్తాయి, వాటి రూపం మారేలా పర్మిషన్ లేకుండా ఏం చేసినా క్రిమినల్ నేరం. పాతవాళ్ళు కోసింది కూడా సరిచెయ్యమని కౌన్సిల్ ఇప్పుడున్న ఓనర్‌కి నోటీసివ్వొచ్చు, ఇన్నేళ్ళు దాటితే వదిలేస్తారన్న గడువు లేదు. ఆ ఖర్చు ఎవరి మీద పడాలన్నది లీజులో రాసుకోవాల్సిందే, కాబట్టి అద్దె బేరం కన్నా ముందు పాత పర్మిషన్ కాగితాలు అడగండి, లేవంటే సర్వే చేయించాకే సంతకం పెట్టండి.