ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

పెళ్ళిళ్ళ సీజను వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. మనుషులు మారతారు గానీ ప్రశ్న మారదు: "అబ్బాయిదీ మా ఇంటిపేరేనండీ, వరస తప్పుతుందేమో!" నా వృత్తి దస్తావేజులు రాయడం. పాత కాగితాలు చదవడం అలవాటై, వంశవృక్షాలు కట్టే పని కూడా మీద పడింది. ఏటా నోటితో చెప్పేది ఈసారి రాసి పెడుతున్నాను.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటే.

కాదు. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊళ్ళ పేర్లు. కందుకూరు నుంచి వచ్చినవాళ్ళు కందుకూరివారు, వేటూరు నుంచి వచ్చినవాళ్ళు వేటూరివారు, కొండవీడు నుంచి వచ్చినవాళ్ళు కొండవీటివారు. ఆ పేరు పెట్టిందెవరు? వీళ్ళు వలస వెళ్ళిన ఊరివాళ్ళు. కందుకూరులోనే ఉన్నన్నాళ్ళూ ఒకర్ని పట్టుకుని కందుకూరివారనాల్సిన పనేముంది, ఊరంతా వాళ్ళేగా! కరువుకో, కొలువుకో, దాయాదుల గొడవకో ఊరు విడిచిన పురోహితుడికీ, రైతుకీ, నేతగాడికీ, కంసాలికీ కొత్తచోట అదే పేరు పడింది. నూరేళ్ళ తర్వాత ఇంకెవరో వచ్చినా అదే పడింది. అందుకే ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనపడుతుంది. ఒకే కులంలో వేర్వేరు గోత్రాలతోనూ కనపడుతుంది. ఇందులో వింతేమీ లేదు.

మరి తేల్చుకోవడం ఎలా? ముందు గోత్రం అడుగుతాను. ఆ తర్వాత నేనడిగే ప్రశ్నకి చాలామంది ఉలిక్కిపడతారు: "మీ ఇంట్లో ఎవరైనా పోతే ఎవరెవరికి మైల?" రోజుల లెక్క కులాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి మారుతుంది గానీ, జ్ఞాతులెవరో, అంటే ఒకే వంశంవాళ్ళెవరో, చెప్పడానికి ఇంతకు మించిన లెక్క లేదు. మగవాళ్ళు మర్చిపోతారు. ఇంట్లో పెద్దావిడకి మాత్రం ఏ ఊరికి కబురు పంపారో, అక్కడ ఎవరు తలస్నానం చేశారో అన్నీ గుర్తుంటాయి.

ఒకావిడ ఏడుపు గొంతుతో ఫోన్ చేశారు. తాంబూలాలకి హాలు మాట్లాడుకున్నారు, అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ఇంతలో చుట్టాల్లో ఒకాయన ఇంటిపేరు సంగతి ఎత్తి, "తెలిసి తెలిసి ఎలా చేస్తారమ్మా" అని ఊరుకున్నాడట. ఈ చెప్పేవాళ్ళు ఒక మాట అనేసి కాఫీ తాగి వెళ్ళిపోతారు. నిద్ర లేనిది పిల్ల తల్లికి. "మీ అత్తగారికివ్వండి ఫోన్" అన్నాను. ఆవిడ తడుముకోకుండా చెప్పారు: "వాళ్ళ మైల మాకేనాడూ లేదు బాబూ. మా మావగారు పోయినప్పుడు కబురు బాపట్ల వైపు వెళ్ళింది. వీళ్ళు నూజివీడు వాళ్ళాయె." గోత్రాలు చూస్తే అవీ వేరే. అబ్బాయి వాళ్ళ పాత భాగపంపిణీ దస్తావేజు తెప్పించాను. అందులో ముత్తాత, ఆయన తండ్రి, ఊరు, సరిహద్దులు అన్నీ ఉన్నాయి. రెండు కుటుంబాలూ ఎక్కడా కలవలేదు. పెళ్ళయింది. శుభలేఖలో రెండు వైపులా ఒకే ఇంటిపేరు చూసి భోజనాల దగ్గర గుసగుసలాడినవాళ్ళు గుసగుసలాడారు, లడ్డూ మారు వడ్డించుకున్నారు.

చట్టం అసలు ఇంటిపేరు జోలికే పోదు. సగోత్రానికి ఉన్న అడ్డంకిని 1946లోనే తీసేశారు. 1955 హిందూ వివాహ చట్టం చూసేది సపిండ సంబంధాన్ని, అంటే దగ్గరి చుట్టరికాన్ని: తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు. అందులోనూ ఆచారానికి మినహాయింపు ఉంది, మేనరికాలు చెల్లేది దానివల్లే. గోత్రం పట్టింపు ఉన్నవాళ్ళని మానుకోమనను. కానీ మేనమామ కూతుర్ని కళ్ళకద్దుకుని చేసుకునే మనం, ముక్కూమొహం తెలియని ఇంటిని ఇంటిపేరు చూసి వదులుకోవడం ఏం న్యాయమో నాకర్థం కాదు.

దీనికి తిరగేసిన అపోహ ఇంకా ప్రమాదం: ఇంటిపేరు వేరు కాబట్టి చుట్టరికం లేదనుకోవడం. దత్తత వెళ్ళినవాడి ఇంటిపేరు మారుతుంది, రక్తం మారదు. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్దివారింట్లో; దత్తతతో శ్రీరంగంవారయ్యారు. 1956 దత్తత చట్టం ప్రకారం, పుట్టినింట్లో ఉండగా ఎవర్ని పెళ్ళాడకూడదో దత్తత వెళ్ళాక కూడా వాళ్ళని పెళ్ళాడకూడదు. ఇల్లరికాల్లో అయితే పిల్లలకి తల్లి వైపు ఇంటిపేరు నిలిచిన ఇళ్ళూ చూశాను. కాబట్టి "దత్తతలున్నాయా, ఇల్లరికాలున్నాయా" అని రెండు వైపులా అడగాల్సిందే.

ఇక మిగతావి. ఇంటిపేరు కొడితే గోత్రం చెప్తామని డబ్బు గుంజే సైట్లున్నాయి. పైన చెప్పింది అర్థమైతే అదెందుకు కుదరదో మీకే తెలుస్తుంది. డీఎన్ఏ పరీక్ష కూడా గోత్రం చెప్పదు. కరణం, పట్వారి, దేశ్‌ముఖ్ లాంటివి ఒకప్పటి హోదాలు. వాటిని బట్టి వంశం కట్టలేం. 1931 జనాభా లెక్కల్లో తాతగారి పేరు వెతికిపెట్టమంటారు. అచ్చయినవి అంకెలే, పేర్లు కావు.

ఇంటిపేరులోని ఊరికి కారేసుకుని వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ళని చూస్తే మాత్రం జాలేస్తుంది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. రాధాకృష్ణన్ 1888లో పుట్టింది తిరుత్తణిలో. మీవాళ్ళు ఎప్పుడో వదిలేసిన ఊళ్ళో మీ కాగితాలు ఎందుకుంటాయి? తర్వాత స్థిరపడిన ఊళ్ళో వెతకండి. పన్ను లేకుండానో, తక్కువ పన్నుకో దానంగా ఇచ్చిన ఇనాం భూములున్న ఇంటికి అదృష్టం ఎక్కువ: 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో వేసిన ఇనాం కమిషన్ రిజిస్టర్లలో ఇనాం మొదట ఎవరికిచ్చారో, అప్పటికి ఎవరు అనుభవిస్తున్నారో ఉంటుంది. తెలంగాణవాళ్ళు 1954-55 ఖాస్రా పహాణీతో, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన ఊరి రికార్డుతో, మొదలుపెట్టండి. అంతకు ముందరి, నిజాం కాలపు భూముల సర్వే రిజిస్టరైన సేత్వార్‌కి ఉర్దూ చదివే మనిషి కావాలి.

దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు "మాకు అసలు ఇంటిపేరే మిగల్లేదు, ఇంకేం దొరుకుతుంది" అని రాస్తుంటారు. నిజానికి వాళ్ళ పని మనకంటే తేలిక. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు, ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళ వివరాలు జాబితాల్లోకి ఎక్కాయి: మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద పుట్టుమచ్చలతో సహా. తాత సొంత పేరో, చివరనున్న నాయుడో మనవలకి ఇంటిపేరైపోయింది, అంతే. వెళ్ళిన ప్రతి మనిషికీ ఒక కలోనియల్ నంబరు ఇచ్చేవారు. పాత జనన, వివాహ పత్రాల్లో అదెక్కడైనా ఉందేమో చూసి, ఉంటే ఆ నంబరు నాకు పంపండి.